ఏడో తాతకు సరిపడా మందు

ఆ వసంతం నుంచి అక్-తెరెక్ జిల్లా ప్రజల జ్ఞాపకశక్తి ప్రభుత్వ ఆస్తి అయింది. అకిమ్, అంటే జిల్లా ఏలిక, సరిబాయెవ్ గారు ఆ సంగతి మైకులో ప్రకటించగానే జనం చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టామని ఎవరూ అడగలేదు. అకిమ్ గారు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టడం ఆ లోయలో మర్యాద.

ఏడు తరాల తాతల పేర్లు చెప్పలేనివాణ్ణి కిర్గిజులు మనిషి కింద జమ కట్టరు. అకిమ్ గారు ఆరు పేర్లు గడగడా అప్పజెప్పేవారు. ఏడో పేరు దగ్గర మాత్రం పాపం దగ్గు వచ్చేది. అందుకని తన ఏడో తాత ఖాను సైన్యాన్ని తరిమికొట్టిన తోలుబాయ్ వీరుడని ఆయనే నిర్ణయించుకుని, కంచు గుర్రం మీద కంచు తాతకు ఆర్డరు కూడా ఇచ్చేశారు. ఇక విగ్రహం ఆవిష్కరించే విందులో వంశావళి గాయకుడు కచ్కిన్‌బాయ్ ఆ పేరు చదివితే సరి. ఆయన చదవంది అక్కడ ఏ తాతా చెల్లడు.

చిక్కల్లా ఏమిటంటే, కచ్కిన్‌బాయ్‌కి మతి పోయింది. ఒక్కోసారి "నేనెవర్ని?" అని భార్య బూరుల్‌నే అడిగేవాడు. మొగుడి పేరు నోట పలకడం అక్కడి కోడళ్ళకు తప్పు. కాబట్టి ఆమె పక్కింటివాణ్ణి కేకేసి ఆ పేరు చెప్పించేది. ఎవడి తాత ఎవడైతే ఆమెకేం? ముసలాడు తనను గుర్తుపడితే చాలు. రాత్రీ పగలూ అదే ఆమె ఏడుపు.

అకిమ్ గారు పిలిపిస్తే రాజధాని నుంచి డాక్టర్ అసిల్‌బాయ్ ఒక దుంప పట్టుకుని వచ్చాడు. "కొండమీద మంచు కరిగే చోట మొలిచే ఈ దుంప సారం, మెదడులో కబుర్లు మోసే పదార్థాన్ని తొందరగా కరిగిపోనివ్వదు. పోయినదాన్ని తెచ్చివ్వదు. ఉన్నదాన్ని కాస్త నిలబెడుతుంది, అంతే" అన్నాడు. చివరి మాట చప్పట్లలో కలిసిపోయింది. జిల్లా యంత్రాంగం కొండకొండంతా తవ్విపోసింది. పశుసంవర్ధక అధికారి ఒకాయన ముందుచూపుతో నాలుగు దుంపలు ఇంటికి పట్టుకెళ్ళి సూపు కాచుకున్నాడు. తెల్లార్లూ వాంతులే. ఆ రాత్రిని ఆయన ఈనాటికీ మరిచిపోలేదు కనుక ప్రయోగం సఫలమైనట్టు నివేదిక రాశారు.

కచ్కిన్‌బాయ్‌కి మాత్రం కొలిచి చుక్కలు వేశారు. అక్కడ టీలో ఉప్పే వేస్తారు. కొన్ని వారాలకు ఒక పొద్దున ఆయన గిన్నె కింద పెట్టి, "బూరుల్, టీలో ఉప్పేదే? నీ మతి ఎక్కడ పెట్టావ్?" అన్నాడు. ఆమె భోరుమంది. మొగుడు వంటకు వంక పెడితే సంతోషంతో ఏడ్చిన ఆడది ఆ లోయలో ఆమె ఒక్కతే.

విందుకు ముందు అకిమ్ గారి ఆఫీసులో రిహార్సల్ పెట్టారు. కచ్కిన్‌బాయ్ కళ్ళు మూసుకుని అందుకున్నాడు. ఏడోవాడి దగ్గర గొంతు ఇంకా ఖంగుమంది. "ఏడోవాడు బోకొన్! పక్క లోయ గుర్రాలు దొంగిలించి, తరుముకొస్తే ఆడవాళ్ళ గుడారంలో దూరి గుర్రప్పాల తిత్తిలో నక్కినవాడు!"

అకిమ్ గారికి దగ్గు వచ్చింది. అవసరానికి మించి జ్ఞాపకం వచ్చినట్టు అధికారులు గుర్తించారు. ఆరు పేర్లూ ఉండి, ఏడోవాడు గుర్రాలతో సహా పోయేలా మోతాదు సవరించమని డాక్టర్ని కోరారు. "మందుకు ఎవరి తాత ఎవరో తెలీదండీ" అన్నాడాయన. మర్నాడే ఆయనకు ప్రమోషన్ ఇచ్చి రాజధానికి సాగనంపారు.

తర్వాత అకిమ్ గారు బూరుల్‌ని పిలిపించుకుని ఆప్యాయంగా, "అమ్మా, మందు సీసా నా బీరువాలో ఉంది. పెద్దాయన విందులో తోలుబాయ్ అంటే, ఆ చుక్కలు ఆయన బతికున్నంతకాలం మీవే" అన్నారు.

ఆమె ఇంటికొచ్చి మొగుడి కాళ్ళ దగ్గర కూలబడింది. "ఒక్క అబద్ధం ఆడవయ్యా. వాడి తాత దొంగైతే నీకేం, దొరైతే నీకేం?"

"ఒక్క పేరు మారిస్తే తక్కిన ఆరూ ఎవడు నమ్ముతాడే?"

"నమ్మకపోతే పోనీ! నన్ను పేరు పెట్టి పిలిచే దిక్కు నువ్వొక్కడివే. మళ్ళీ పరాయిదాన్ని చూసినట్టు చూశావంటే ఈ గుండె ఆగిపోద్ది."

ముసలాడు ఆమెను లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చివరికి "సరేలేవే, ఏడవకు" అన్నాడు.

విందులో ఆయన తోలుబాయ్ అన్నాడు. జీవితంలో అదే ఆయన చదివిన మొదటి అబద్ధం. గొంతు వణికింది కూడా. అది భక్తివల్లనని మైకులో వివరించారు. ఆయనకు "ప్రజల జ్ఞాపకం" అన్న బిరుదిచ్చి పట్టు అంగీ కప్పారు.

మర్నాడు బూరుల్ సీసా కోసం వెళ్తే బీరువాకు తాళం ఉంది. బోకొన్ గుర్తున్న మనిషి నాలుక ఎప్పుడైనా జారవచ్చు గనక, జిల్లా శాంతిభద్రతల దృష్ట్యా చుక్కలు నిలిపివేశారట.

ఆమె పరుగున తెల్లగడ్డాల పెద్దల దగ్గరికి వెళ్ళింది. ప్రతి చలికాలం పొయ్యి చుట్టూ కూర్చుని బోకొన్ కథ చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వినవాళ్ళే వాళ్ళంతా. "నా మొగుడు మళ్ళీ చేజారిపోతున్నాడు. 'బోకొన్ సంగతి మాకూ తెలుసు, ఆయన ఒక్కడి నోరు మూస్తే ఏం లాభం' అని అకిమ్‌తో ఒక్క మాట అనండి, మీ పుణ్యముంటుంది" అని వేడుకుంది.

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికంటే పెద్దాయన టోపీ సర్దుకుని, "బోకొనా? ఆ పేరు గలవాడు మన లోయలో ఎన్నడూ లేడే!" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు.

ఆ లోయలో మతిమరుపు రోగి ఒక్కడేనని, తక్కిన జనాభా అంతా ఆరోగ్యంగా ఉందని ఆ ఏటి వైద్య నివేదికలో ఉంది.