కానుగ చెట్టు కింద కదలని కారు

మాది దొంగ కారని ఎదురింటి కిష్టమ్మ పెద్దమ్మ అన్నదట. కూరగాయల సైదమ్మ బండి దగ్గర బెండకాయల కొనలు విరిచి చూస్తూ అన్నదట. సైదమ్మ ఆ మాటను మా గేటు దాకా మోసుకొచ్చి, కొత్తిమీర కట్టతో పాటు మా ఆవిడ స్వర్ణలత చేతిలో పెట్టింది.

"నెల దినాల సంది కదుల్తలేదంట. పోలీసోళ్ల భయానికే కప్పి పెట్టిండు, లేకుంటే కొన్నోడు నడపడా అంటున్నదంట," అని స్వర్ణ నా ముందు పళ్లెం పెట్టింది.

నేను పొంగిపోయి ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను. కారు కదలడం లేదని వీధంతా నమ్మిందంటే నా పథకం పారినట్టే. అది కదలకపోవడానికి కారణం ఒక్కటే. అది కారు కాదు.

సంగతి మొదటి నుంచి చెప్తాను. సరూర్‌నగర్‌లో మా వీధి ఉన్న చోట ఒకప్పుడు మా తాత మక్కజొన్న వేసేవాడు. ఇప్పుడు ఆయన మనవడు కమలాకర్‌కు, అంటే నాకు, అదే భూమిలో కారు నిలుపుకునేంత జాగా లేదు. ఇంట్లో పెడదామంటే గేటు లోపల మెట్లు, మెట్ల కింద మోటారు. ఉన్నదల్లా గేటు ముందు కానుగ చెట్టు నీడ. మధ్యాహ్నం కూడా ఎండ పడని ఆ నీడ కోసమే నేను బతుకుతున్నాను.

నాలాగే ఇంకొకాయన కూడా బతుకుతున్నాడు. కిష్టమ్మ పెద్దమ్మ పై పోర్షన్‌లో కిరాయికుండే వెంకటేశ్వరరావు గారు. గుడివాడ మనిషి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తాడు. నా కారు నీడ దాటీ దాటకముందే ఆయన కారు నీడలో ఉంటుంది. నేను ఎల్‌బీ నగర్‌లో ఆఫీసు ముగించుకుని వచ్చేసరికి, నాకు మిగిలేది వీధి చివర చెత్తకుప్ప పక్కన పావురాల కింద జాగా.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "రోడ్డు అందరిదీ కదండీ. నీడ కూడా అందరిదేనండీ," అన్నాడాయన. అంత మర్యాదగా మాట్లాడేవాడితో కొట్లాడటం ఎట్లాగో మా వంశంలో ఎవరికీ తెలియదు.

పావురాల పుణ్యాన కారుకు బట్ట కవరు కొనాల్సి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద ఒక దుకాణం ముందు వెండి రంగు కవరు కప్పిన కారు నిలబెట్టి ఉంది. చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇది ఏ కంపెనీ కారన్నా అని అడిగాను. దుకాణం ఆయన కవరు కొంచెం ఎత్తి చూపించాడు. లోపల అట్టపెట్టెలు.

నా పథకం అక్కడే పుట్టింది. ఆ కవరే కొని, ఇంటికి గాలిలో తేలుతూ వచ్చాను.

మరునాడు పొద్దున్నే ఆరింటికి, కిష్టమ్మ పెద్దమ్మ పూజలో, రావు గారు చెరువు కట్ట మీద వాకింగ్‌లో ఉండగా, నా కారు పక్క వీధిలో పెట్టి వచ్చి పని మొదలుపెట్టాను. నడుమ ఒక మంచం. పోయినేడు ఉగాదికి చుట్టాలొస్తే పెద్దమ్మ దగ్గర తెచ్చి, ఇవ్వడం మరిచిన మంచం. దాని మీద మా ఎయిర్ కూలర్, అది టాపు. ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు, అది బానెట్. వెనక నీళ్ల డ్రమ్ము అడ్డంగా, అది డిక్కీ. పైన కవరు. కవరుకు రెండు వైపులా అద్దాల కోసం కుట్టిన జేబులుంటాయి కదా, వాటిలో చెరో పాత చెప్పు దూర్చాను. దూరంగా నిలబడి చూస్తే నా కారు కంటే అందంగా ఉంది.

స్వర్ణ నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"అసలు కారేమో ఎల్‌బీ నగర్ల ఎండల ఉడుకుతది. కిష్టమ్మత్త మంచానికేమో నీడ, పైన దుప్పటి. మంచిగనే ఉన్నది నీ తెలివి."

"మన జాగా మనకుంటది స్వర్ణా."

"ఉంటది గని, ఎండలు ముదిరితే నా కూలర్ నాకియ్యాలె."

అప్పటికి చల్లగా ఉంది కాబట్టి సరేనన్నాను.

రోజూ పొద్దున కట్టడం, సాయంత్రం వీధంతా సీరియల్లో ఉండగా విప్పి, ఆ జాగాలో అసలు కారు పెట్టి అదే కవరు కప్పడం. ఆఫీసుకు మెట్రోలో పోతున్నానని అందరికీ చెప్పాను. రావు గారు చెత్తకుప్ప పక్కకు మారిపోయాడు. పావురాలకు మనిషి మారినట్టు కూడా తెలియలేదు.

ఒకసారి ఆయన నన్ను ఆపి, కారును ఇంత అపురూపంగా చూసుకునే మనిషిని ఎక్కడా చూడలేదని, ఇప్పుడెంత మెరుస్తుందో ఒక్కసారి ముసుగు తీసి చూపించమని బతిమాలాడు. మంచి రోజు చూసి తీస్తానని చెప్పి ఇంట్లోకి వచ్చి రెండు చెంబుల నీళ్లు తాగాను.

ఇంతలో ఎండలు ముదిరాయి. స్వర్ణ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. పెళ్లిళ్ల కాలం, రేకుల గది, మిషన్ ముందు చెమట. కూలర్ అడిగింది. టాపు లేని కారు ఎక్కడైనా ఉంటుందా అన్నాను. వారం తర్వాత మళ్లీ అడిగింది. ఒక్క పది రోజులన్నాను. మూడోసారి అడిగినప్పుడు తడిబట్ట మెడకు చుట్టుకోమని సలహా ఇచ్చాను. ఆమె నిజంగానే తడిబట్ట చుట్టుకుని మిషన్ ముందు కూర్చుంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కిష్టమ్మ పెద్దమ్మ మాట మా ఇంటికి చేరిన మూడో రోజు, పదకొండింటికి ఆఫీసులో ఉండగా స్వర్ణ ఫోన్ చేసింది.

"ఏమయ్యా, ట్రాఫిక్ వాళ్లొచ్చిండ్రు. దిక్కులేని కారని నీ కారును క్రేన్‌కు కడతమంటున్నరు. జల్ది రా."

మేనేజర్‌కు కూడా చెప్పకుండా కిందికి ఉరికి, కారెక్కి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా కొత్తపేట దాటాను. నా కారు, నా కారు అని స్టీరింగ్ మీద గుద్దుకుంటూనే ఉన్నాను. ఆ స్టీరింగ్ ఎవరిదన్న ఆలోచనే రాలేదు.

వీధిలో క్రేన్, కానిస్టేబుల్, పెద్దమ్మ, సైదమ్మ, అందరూ ఉన్నారు. క్రేన్ కొక్కెం కిందికి దిగుతోంది. నేను కారు దిగి, చేతులెత్తి, అది నా కారు, ముట్టుకోవద్దని అరిచాను.

రావు గారు పరుగున ఎదురొచ్చాడు. "చూశారాండీ, మీ కారు ఎత్తుకుపోతున్నారండీ," అంటూనే నా వెనక ఉన్న కారును చూశాడు. నంబరు ప్లేటు చూశాడు. లెక్కలు చెప్పే మనిషి కదా, రెండు నిమిషాలు ఆగాడు.

"మరి మీరు దేంట్లో వచ్చారండీ?"

కానిస్టేబుల్ కవరు అంచు పట్టుకుని లాగాడు. ముందు ఒక చెప్పు రాలింది. తర్వాత కుర్చీలు కూలాయి. డ్రమ్ము దొర్లుకుంటూ పోయి రావు గారి కాళ్ల దగ్గర ఆగింది. కిష్టమ్మ పెద్దమ్మ ముందుకొచ్చి, మంచం కోళ్లు తడిమి చూసింది.

"గిది నా మంచమే గద బిడ్డా."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. దిక్కులేని కారని ఫోనొస్తే వచ్చాం, ఇది వీధి మలుపు, ఈ గొడవే వద్దు, ఇకమీద ఎవరూ ఇక్కడ బండి పెట్టొద్దని చెప్పి, కానుగ చెట్టుకు 'నో పార్కింగ్' బోర్డు కట్టించాడు. నెల రోజులు నేను కాపాడిన నీడలో ఇప్పుడు ఒక చెప్పు, నేను మిగిలాం.

పరువు పోయిన మనిషికి కోపం ఒక్కటే దిక్కు. పెద్దమ్మను చూశాను, సైదమ్మను చూశాను, రావు గారిని కాస్త ఎక్కువసేపు చూశాను. ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చిన మొనగాడెవరో దమ్ముంటే ముందుకు రావాలన్నాను.

స్వర్ణ అప్పటికే కూలర్‌ను ఒక పక్క పట్టుకుని, రెండో పక్క రావు గారి చేత పట్టించి, గేటు దాటుతోంది. వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"నేనే చేసిన. మూడుసార్లు అడిగిన, నువ్వు కూలర్ ఇయ్యలే."