మోస్రా ముసల్ది

పెళ్లయి నలభై రోజులు. సుమలతకు ఇంట్లో ప్రతి వస్తువూ ముద్దుగానే ఉంది. స్నేహితురాళ్లు బహుమతిగా ఇచ్చిన స్లో కుక్కర్ మరీను! తెల్లటి పింగాణీ కుండ, చిన్న ఎర్ర లైటు. సాయంత్రం బోధన్ నుంచి అత్తగారు అంజవ్వ మొదటిసారి నిజామాబాద్ వస్తోంది. మోకాళ్ల నొప్పుల మనిషి. సూపు చేసిపెట్టి, ఆమెతో "మంచిగుంది బిడ్డా" అనిపించుకోవాలని కొత్త కోడలి పట్టుదల.

సరుకు ఫ్రిజ్‌లోనే ఉంది. అంజవ్వ ఆడబిడ్డ హన్మవ్వ మోస్రా నుంచి కొత్త జంటకు పంపిన నాటుకోడి అది. ఎంత ఉడికించినా లొంగని ఆ కోడికి భర్త భూమేష్ పెట్టిన పేరు 'మోస్రా ముసల్ది'. కూర పోగా మిగిలిన ఎముకలను అల్లంతో కుండలో వేసి, మీట నొక్కి, భర్తకు వాయిస్ మెసేజ్ పెట్టి, సుమలత స్కూల్లో పరీక్షల డ్యూటీకి పరుగెత్తింది.

"ఇగో, మోస్రా ముసల్దాని బొక్కలన్ని కుండల వెట్టిన. అత్తమ్మ వచ్చేదాక మూత తియ్యకుండ్రి, సరేనా?"

తొందరలో అది భర్తకు కాక అత్తగారింటి వాట్సాప్ గ్రూపుకు పోయింది.

బోధన్‌లో అంజవ్వ చేతిలోని చాయ్ గ్లాసు జారింది. "అయ్యో, హన్మవ్వ వదినె! మనకు చెప్పకుండనే కాలవెట్టిన్రా?"

అక్కడే ఉన్న ఆమె మరిది, హన్మవ్వ తమ్ముడు రాజారాం మోస్రాలో అక్క పక్కింటికి ఫోన్ చేశాడు.

"హన్మవ్వనా? నిన్ననే పోయింది గదన్నా..." లైన్ కట్టయింది.

సుమలత ఫోను పరీక్ష గది బయట సంచిలో ఉంది. బండి మీదున్న భూమేష్ ఎత్తలేదు. ఇక బొక్కలు తీసుకుని కందకుర్తికి పోయి గోదావరిలో కలపడమే మిగిలింది. తోడబుట్టినవాడు గనుక రాజారాం, మొన్ననే రంగేసిన జుట్టును ఏడుస్తూ తీయించుకున్నాడు.

మూడింటికి నిజామాబాద్ చేరి, పక్కింటి అజీజా ఇచ్చిన తాళంచెవితో ఇద్దరూ లోపలికి వెళ్లారు. వంటింట్లో తెల్లకుండ కనిపించింది. రాజారాం చేయి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"వదినె, ఇంక సల్లారలే!"

"కరెంటు గూడ వెట్టిన్రు!" అంజవ్వ గుండె పట్టుకుంది.

"మరి అల్లం వాసనెందుకొస్తుందే?"

"నోర్మూసుకొని దండెయ్యి."

నాలుగున్నరకు సుమలత వచ్చేసరికి స్లో కుక్కర్ మెడలో బంతిపూల దండ, ముందు అగరొత్తులు, నేల మీద అత్తగారి శోకాలు.

"అత్తమ్మా... సూపుకు పూజెందుకు?"

"సూపా?"

ఇంతలో వాకిట్లో బండి ఆగింది. భూమేష్ వెనక నుంచి హన్మవ్వ దిగింది. నిన్న మాక్లూర్‌లోని బిడ్డ ఇంటికి పోయిందట. దారిలోనే కదా అని భూమేష్ తీసుకొచ్చాడు. రాజారాం కెవ్వుమన్నాడు.

"గుండు ఎందుకు చేపిచ్చుకున్నవ్ రా? ఎవలు పోయిన్రు?" హన్మవ్వ అదిరిపడింది.

అందరూ కుండ వైపు చూశారు.

"నువ్వు పంపిన కోడి, అత్తమ్మా," అంది సుమలత నీరసంగా.

దండ తీసి, మూత తీసి, సూపు పోశారు. కబురు విన్నప్పటి నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టని అంజవ్వ కళ్లు తుడుచుకుని ఒక గుక్క తాగింది. మరొకటి తాగింది. కప్పు ముందుకు చాపింది. "మంచిగుంది బిడ్డా. ఇంకింత పొయ్యి."

రాజారాం గుండు మీద తువ్వాలు కప్పుకుని, ఫోను తీసి, గ్రూపులోంచి వెళ్లిపోయాడు.