సెల్లార్‌లో తాళం వేసిన ప్లగ్గు

మనుషులు బాగుపడాలంటే కార్లు పెట్టుకునే చోట కరెంటు ఉండకూడదు!

నవ్వకండి. నేను పెద్దగా చదువుకోలేదు. కానీ డెబ్భై ఆరేళ్లుగా చూస్తున్నాను, ప్లగ్గు లేని చోట నేర్చుకునే బుద్ధులు ఏ బళ్లోనూ చెప్పరు.

మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఇరవై నాలుగు కార్లు నిలబడతాయి. ప్లగ్గు ఒక్కటే ఉంది. అది ఇనప డబ్బాలో ఉంది. డబ్బాకు తాళం ఉంది. తాళంచెవి అసోసియేషన్ సెక్రటరీగారి బెల్టుకు వేలాడుతూ ఉంటుంది. పదేళ్లుగా ఎవరి చెయ్యీ తగల్లేదు కాబట్టి లోపల ఆ ప్లగ్గు కొత్త పెళ్లికూతురిలా ఉండాలి. చూసినవాళ్లు లేరనుకోండి. ఒక వస్తువును ఇంత భద్రంగా కాపాడే మనిషి ఈ రోజుల్లో దొరుకుతాడా?

ఇక నా మనవరాలి సంగతి. కూతురి కూతురు. కార్లకు మెరుగు పెట్టడం దాని వృత్తి. కార్లు కడుగుతుంది అనేరు, కోప్పడుతుంది! "కడగడం కాదమ్మమ్మా, డిటైలింగ్" అంటుంది. సీట్ల సందుల్లో ఇరుక్కున్న బిస్కెట్ పొడిని ఒక మిషన్‌తో లాగుతుంది. గీతలు పడిన పెయింటు మీద గిర్రున తిరిగే ఇంకో మిషన్‌తో పాలిష్ పడుతుంది. ఆ పని ఎండలో చేస్తే పాలిష్ పట్టేలోపే ఎండిపోయి మచ్చలు కడుతుందట. అందుకని నీడ కావాలి. నీడేమో సెల్లార్‌లో ఉంది. కరెంటేమో మూడో అంతస్తులో మా ఇంట్లో ఉంది.

పిల్ల వెళ్లి సెక్రటరీగారిని అడిగింది. "అంకుల్, ఆ ప్లగ్గును మా ఇంటి మీటరుకు కలిపించుకుంటాను."

"ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి తల్లీ. జనరల్ బాడీలో పెడదాం" అన్నారు ఆయన.

జనరల్ బాడీ ఎప్పుడు జరుగుతుంది? అందరూ వచ్చినప్పుడు. అందరూ ఎప్పుడు వస్తారు? లిఫ్టు ఆగిపోయినప్పుడు. మా లిఫ్టు మంచిది, ఆగదు.

ఆ ఒక్క మాటతో మాకు ఎన్ని లాభాలు కలిగాయో చూడండి!

ముందు మూడు ఎక్స్‌టెన్షన్ వైర్లు ఒకదానికొకటి తగిలించి మా బాల్కనీలోంచి కిందికి వదిలాం. రెండో అంతస్తు ఇల్లాలికీ నాకూ నాలుగేళ్లుగా మాటల్లేవు. వైరు ఆవిడ కిటికీ ముందు నుంచి దిగిన పది నిమిషాల్లో మాటలు కలిశాయి. "ఏంటి మామ్మగారూ, మా కిటికీకి ఉరితాడు కట్టారు?" అంది. ఏ మాటైతేనేం, మాటే కదా! మొదటి అంతస్తు ఆయన దాన్ని దండెం అనుకుని రెండు బనీన్లు ఆరేసుకున్నాడు. కింద ప్లగ్గు ఉంటే ఈ ఐకమత్యం వచ్చేదా?

తడి బనీన్లతో ఎవరికైనా షాకు కొడుతుందని భయపడి మనవరాలు వైరు తీసేసి బ్యాటరీ పెట్టె తెచ్చింది. చేత్తో మోసుకెళ్లే కరెంటు అన్నమాట. రుబ్బురోలంత బరువు, దానికో పిడి. ఇంట్లో ఛార్జి పెట్టుకోవడం, లిఫ్టులో దింపుకోవడం, పని చేసుకోవడం. దానికి జరిగే మర్యాదలు చూడాలి! "అమ్మమ్మా, దానికి చెమ్మ తగలకూడదు. ఇరవై శాతం కంటే కిందికి దిగనివ్వకూడదు. వేళకు ఛార్జి పెట్టాలి." నాకు షుగర్ పడిపోయినప్పుడు కూడా ఈ ఇంట్లో ఇంత కంగారు చూడలేదు. అయినా నేను అసూయపడలేదు. సోఫాలో నా చోటు దానికిచ్చి చెక్క కుర్చీలోకి మారాను. ఈ వయసులో వెన్ను నిటారుగా ఉండటం మంచిదే!

పోయిన నెల ఒక గురువారం ఒక డాక్టరమ్మ తన నల్ల కారు తెచ్చి అప్పగించింది. పని నచ్చితే వాళ్ల ఆసుపత్రి బళ్లు ఆరూ మా పిల్లకే ఇస్తానంది. అప్పటిదాకా దానికి స్నేహితుల బళ్లే దిక్కు. ఈ ఆరూ రాకపోతే మిషన్లు అటకెక్కించి, వాళ్ల నాన్న చూసిపెట్టిన ఆఫీసు ఉద్యోగంలో చేరిపోతానని మాట కూడా ఇచ్చేసింది.

ఆ ఉదయం పెట్టెలో ఛార్జి నిండుగా ఉంది. పని మధ్యాహ్నం. నాకు మా ఆయన గుర్తొచ్చారు. టార్చిలైటు బ్యాటరీలు నీరసిస్తే ఆయన గోడ మీద ఎండకు పెట్టేవారు, సాయంత్రానికి మళ్లీ వెలిగేవి. నీరసించినవాటికే అంత బలం వస్తే నిండుగా ఉన్నదానికి ఎంత రావాలి! పెట్టెను బాల్కనీలో ఎండకు పెట్టాను. మూడు గంటలు. అన్ని వైపులా సమంగా కాగాలని మధ్యమధ్యలో తిప్పాను కూడా.

మనవరాలు పిడి పట్టుకుని దింపుకుంది కాబట్టి దానికి వేడి తెలియలేదు. బానెట్ సరిగ్గా సగం అయ్యేసరికి పెట్టె కుయ్‌మని మూలిగి ఆరిపోయింది. మళ్లీ లేవలేదు.

"అమ్మమ్మా, ఇదేంటి, పెనంలా కాలిపోతోంది?"

"ఎండలో పెట్టాను తల్లీ... బలానికి."

పిల్ల తాళం వేసిన ఇనప డబ్బా వైపు చూసింది. కారుకూ దానికీ మధ్య ఆరడుగులు. గుడ్డ తీసుకుని మిగతా సగం చేత్తో రుద్దడం మొదలుపెట్టింది. సాయంత్రానికి మణికట్టు వాచింది కానీ బానెట్ మెరవలేదు.

డాక్టరమ్మ వచ్చింది. ఎడమ సగం మీదికి వంగి జుట్టు సర్దుకుంది. కుడి సగం మీదికి వంగింది, ముఖం కనబడలేదు. "ఇటు అద్దంలా ఉంది. అటు కూడా ఇలాగే కావాలి. బండి ఉంచుకో, శనివారం సాయంత్రం వస్తా. అప్పటికీ ఇంతే అయితే వేరేవాళ్లకి ఇచ్చుకుంటా" అంది. న్యాయమే కదా!

శుక్రవారం పొద్దున్నే సెక్రటరీగారు ఆ కారు చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఆదివారం ఆయన బావమరిది కొత్త కారేసుకుని వస్తున్నాడట.

"మామ్మగారూ, మన బండిక్కూడా ఈ మెరుపు రావాలి. మనవరాలికి ఓ మాట చెప్పండి."

"చెప్పకేం బాబూ! కాకపోతే పెట్టె పాడైంది. కరెంటుకే ఇబ్బంది."

"అదెంత పని!" అంటూ ఆయన బెల్టు నుంచి తాళంచెవి తీశారు.

అదెంత పని! ఆ మాట ఇంకోసారి చదువుకోండి.

పదేళ్ల తుప్పు కదా, తాళం మొరాయించింది. ఆయనే నూనె పోశారు, ఆయనే సుత్తితో కొట్టారు. తాళం రెండు ముక్కలైంది. మనవరాలు మిషన్ తగిలించి సెక్రటరీగారి బానెట్ మీద పెట్టింది. ఎడమవైపు తళతళలాడింది. సరిగ్గా సగానికి రాగానే మిషన్ ఆపి డాక్టరమ్మ కారు దగ్గరికి నడిచింది. నేను నేర్పలేదు, ఒట్టు.

"ఇదేంటమ్మా, సగంలో వదిలేశావ్?" అన్నారాయన.

ప్లగ్గు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నది నేను కాబట్టి జవాబు నేనే చెప్పాను. "ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి కదా బాబూ!"

శనివారం డాక్టరమ్మ బానెట్ రెండు వైపులా జుట్టు సర్దుకుంది. ఆసుపత్రి బండి మొదటిది సోమవారం వచ్చింది. మధ్యలో ఆదివారం సెక్రటరీగారి బావమరిది కూడా వచ్చి, "ఏం బావా, నీళ్లు సగానికే సరిపోయాయా?" అని అడిగి వెళ్లాడట.

సెక్రటరీగారు కొత్త తాళం కొన్నారు. ఇంకా వెయ్యలేదు, జేబులోనే ఉంది. వేస్తే తన బానెట్ జన్మంతా సగమే మెరుస్తుందని ఆయనకు తెలుసు. రోజూ పొద్దున్నే సెల్లార్‌లో ఎదురై, "మామ్మగారూ, నా రెండో సగం ఎప్పుడు?" అంటారు.

"తొందరేముంది బాబూ" అంటాను, "జనరల్ బాడీలో పెడదాం."