కొమురెల్లి బాత్రూంకు కట్టిన తాడు

ఆ గురువారం పొద్దున కొమురెల్లి పెట్టుకున్న పని చాలా చిన్నది. బాత్రూం గోడకు, పట్టుకోవడానికి ఒక ఇనుప రాడ్డు బిగించాలి. అంతే. వారం కింద భార్య సారవ్వ అందులో జారిపడితే చెయ్యి వాచింది. ఆ సంగతి తెలిసి మంచిర్యాల నుంచి కూతురు సంధ్యారాణి ఫోన్లోనే తీర్పు చెప్పేసింది.

"ఆదివారం వస్తున్న బాపూ. ఇల్లు గిట్లనే ఉంటె తాళమేసి ఇద్దర్ని తీస్కపోత."

రిటైరయ్యాక గోదావరిఖనిలో దగ్గరుండి కట్టించుకున్న ఇల్లది. ఉద్యోగమంతా గనిలో చీకట్లోనే గడిచిందని, ప్రతి గదికీ అవసరానికి మించి కిటికీలు పెట్టించుకున్నాడు. దాన్ని వదిలి మంచిర్యాలలో మూడో అంతస్తులో కూర్చోవడమంటే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

అందుకే విశ్రాంత కార్మికుల సంఘానికి వెళ్లాడు. ముసలి సభ్యులు సొంతింట్లోనే ఉండేలా ఇండ్లు బాగుచేయించే నిధి ఒకటి అక్కడుంది. ఇంతవరకు దాన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. దాంతో అడిగినవాణ్ణి సంఘం వదల్లేదు.

"ఖర్సు సంఘానిది, పని మాది. నువ్వు కుర్సీల కూసో అన్నా," అన్నాడు పోశం. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడమే జీవితమంతా అతని డ్యూటీ. బాత్రూంలో అడుగుపెట్టగానే అలవాటు ప్రకారం కర్రతో పైకప్పును తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. మొహం మాడిపోయింది.

"డొల్లగ మోగుతంది. కప్పు లూజున్నది."

"అది సిమెంటు రేకు పోశం. రేకు గట్లనే మోగుతది."

"పడేదాంక అందరు గట్లనే అంటరు."

సాయంత్రానికి బాత్రూంలో ఒక దుంగ నిలబడింది. ఒకటున్నచోట దాని పక్కన ఇంకొకటి ఉండి తీరాలని పోశం లెక్క. మర్నాటికి అవి వంటింటి దాకా వచ్చేశాయి. సారవ్వ గంజి గిన్నె పట్టుకుని దుంగల మధ్య అడ్డంగా నడుస్తూ, "వంట చేస్తున్ననో బొగ్గు తీస్తున్ననో తెలుస్తలేదు," అని విసుక్కుంది. రాడ్డు మాత్రం ఇంకా రాలేదు.

దాని బదులు నర్సింగం వచ్చాడు. గనిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే యంత్రం నడిపినవాడు కాబట్టి అతనికి తాడు మీద తప్ప దేని మీదా నమ్మకం లేదు. మంచం నుంచి బాత్రూం దాకా నడుమెత్తున, దుంగ నుంచి దుంగకు తాడు లాగాడు. ఎవరైనా పడితే తెలియాలి కదా అని వాకిట్లో పెద్ద ఇత్తడి గంట వేలాడదీశాడు. అది మోగితే ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చునే రిటైర్డ్ జనమంతా ఉరికి రావాలని ఒప్పందం. గంటకు వేరే తాడు దండగని, దాన్ని కూడా ఈ తాడుకే ముడేశాడు.

శనివారం తెల్లవారగానే కొమురెల్లి తాడు పట్టుకుని బాత్రూంకు బయలుదేరాడు. లోపల గడియ పెట్టుకున్నాడో లేదో, తలుపు అవతల హోటలంతా చేరింది.

"అన్నా, బతికున్నవా?"

"ఉన్న. పోండి."

"మాట పీలగున్నది. స్ట్రెచర్ తెండి జల్ది," అన్నాడు పోశం.

కొమురెల్లి బయటికొచ్చేలోపే స్ట్రెచర్‌కు అడ్డమని తలుపు ఊడబీకారు. మధ్యాహ్నమూ ఇదే వరస. ఆ ముడి విప్పమని బతిమాలితే నర్సింగం వినలేదు. "రేపు మీ బిడ్డ సూడాలె గదనే," అన్నాడు. చేసేదిలేక కొమురెల్లి, తాడు తగలకుండా, నేల మీద పాకుతూ వెళ్లిరావడం మొదలుపెట్టాడు.

ఆదివారం సంధ్యారాణి రానే వచ్చింది. వియ్యపురాలిని పలకరించి పోదామని ఆమె అత్తగారు ఎల్లవ్వ కూడా మోకాళ్ల నొప్పులతో కుంటుతూ వెంట వచ్చింది.

"బాపూ, ఇది ఇల్లా, బొగ్గుబాయా?" అంది సంధ్యారాణి.

ఈలోపు ఎల్లవ్వ లేచి బాత్రూం వైపు నడిచింది. "చెల్లె, ఆ తాడు ముట్టకు," అని కొమురెల్లి అనేసరికే ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

గంట ఊరు లేచేలా మోగింది. ఎవరు పడ్డారని ఎవరూ అడగలేదు. దుంగల మధ్య నిక్షేపంగా నిలబడ్డ ఎల్లవ్వను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి వాకిలి దాటించారు. "నాకేం కాలేదయ్యా," అని ఆమె, "గట్లనే ఉంటది, మొదట్ల తెలువది," అని పోశం. వీధి మలుపులో సంధ్యారాణి అడ్డం నిలబడితేగానీ వాళ్లు ఆగలేదు.

స్ట్రెచర్ వెనక్కి వచ్చేసరికి కొమురెల్లి సంచిలో బట్టలు కుక్కుకుంటున్నాడు. ఇల్లు చెయ్యి జారిపోయిందనుకుని అతనికి కండ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఎల్లవ్వ లేచి కూర్చుని కొంగు సర్దుకుంది. "మంచిర్యాలల నేను పిలిస్తె టీవీ సౌండు సుత తగ్గియ్యరు. ఈడ తాడు ముట్టుకుంటె ఇంతమంది ఉరికొచ్చిన్రు. అన్నా, నేను ఈడనే ఉంట."

సంధ్యారాణి అత్తగారిని చూసింది, తాడును చూసింది. ఆమె మొహంలో చాలాకాలంగా లేని వెలుగొకటి వచ్చింది.

"అయితె మీరెవ్వరు మంచిర్యాలకు రావద్దు బాపూ. ఇల్లు మస్తుగున్నది," అని ఇంకో మాటకు అవకాశమివ్వకుండా వచ్చిన దారినే బస్సెక్కింది.

ఎల్లవ్వకు షుగరుంది. గడియకోసారి లేస్తుంది, లేచిన ప్రతిసారీ గంట మోగుతుంది. వచ్చిపోవడం కష్టమైందని జనం హోటల్లోంచి బల్ల తెచ్చి బాత్రూం ముందే వేసుకున్నారు. కొమురెల్లికి ఇల్లయితే దక్కింది, బాత్రూమే దక్కలేదు.