జామచెట్టుకు కాసిన యాపిల్

సొంత బంధువుల తోటకు టికెట్ కొనుక్కుని వెళ్లడంలో ఉన్న గౌరవం ఊరికే వెళ్లడంలో లేదు. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను!

మొన్నటిదాకా నేనూ మీలాంటివాడినే. శంకర్‌పల్లి దారిలో మా ఆవిడ రేఖ వాళ్ల చిన్నాయన బాలనర్సయ్యకు జామతోట ఉంది. చెప్పాపెట్టకుండా వెళ్లిపోయేవాళ్లం. కుక్క మొరిగేది. చిన్నాయన లుంగీ ఎగ్గట్టుకుని "ఎవరదీ?" అంటూ వచ్చేవాడు. ఆ తోటకు ఉన్నది ఒకటే రూలు. లోపల ఎంతైనా తినొచ్చు, బయటికి మాత్రం మోసుకుపోకూడదు. ఇంటి ఆడబిడ్డకు మినహాయింపు. వెళ్లేముందు చిన్నాయన బావి పక్కనున్న చెట్టు నుంచి తన చేత్తో ఒక దోరకాయ కోసి రేఖ కొంగులో వేసేవాడు. అది పడితే తప్ప ఆమె గేటు దాటేది కాదు.

ఎంత అనాగరికం! ఆయన చేతులు కడుక్కున్నాడా? గ్లవ్స్ వేసుకున్నాడా? ఆ కాయ మీద ఎక్స్‌పైరీ డేట్ ఉందా?

ఇప్పుడా దిగులు లేదు. చిన్నాయన కొడుకు కుమార్ హైటెక్ సిటీలో ఉద్యోగం మానేసి తోటను చేతిలోకి తీసుకున్నాడు. దానికొక ఇంగ్లిష్ పేరు పెట్టాడు. చిన్నాయన ఇంకా ఆ పేరు పలకడం నేర్చుకుంటున్నాడు.

పోయిన ఆదివారం రేఖ పొద్దున్నే లేచి చీర కట్టింది. వారమంతా ఆఫీసుకు జీన్స్‌లో వెళ్లే మనిషి! కొంగు కోసమని నాకు అర్థమైంది. ఉప్పుకారం పొట్లం కట్టి బ్యాగులో వేసుకుంది.

"చిన్నాయన చేతి కాయ తిని ఎన్ని దినాలైంది! ఇయ్యాల తెచ్చుకునే వస్త," అంది.

గేటు దగ్గర కుక్క లేదు. సెక్యూరిటీ ఓదెలు ఉన్నాడు.

"క్యూఆర్ సూపియ్యండ్రి సార్."

"నేను ఈ ఇంటి బిడ్డనే అన్నా," అంది రేఖ.

"అందరు గట్లనే అంటరమ్మా. పొద్దటిసంది ఈ ఇంటి బిడ్డలు ఒక బస్సెడు మంది వచ్చిండ్రు."

టికెట్ తీసుకున్నాం. ఓదెలు బ్యాగు వెతికి ఉప్పుకారం పొట్లం పట్టుకున్నాడు. బయటి తిండి బంద్ అట. తర్వాత మా చేతులకు బ్యాండ్లు వేశాడు. పచ్చ బ్యాండ్ వాళ్లు కాయ తెంపొచ్చు. పసుపు బ్యాండ్ వాళ్లు కాయ పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు. తెంపింది అక్కడే తినడం మాత్రం ఎవరికీ కుదరదు. డబ్బాలో పెట్టించుకుని, స్టిక్కర్ వేయించుకుని, ఇంటికెళ్లాక తినాలి. పాత రూలును నిలువునా తిరగేశారన్నమాట! అయినా చుట్టరికంలో ఇంత స్పష్టత ఇంకెక్కడైనా చూశారా? ఏ పెళ్లిలోనైనా ఎవరు ఎంత దగ్గరో చేతి రంగు చూసి చెప్పగలరా?

లోపల అడుగుపెట్టి చూద్దును కదా!

బావి పక్కనున్న జామచెట్టు యాపిల్ కాసింది! కొమ్మకొమ్మకూ కాసింది. ఎర్రగా, నిగనిగలాడుతూ, ఒక్కోదానికీ ఒక్కో స్టిక్కర్‌తో సహా!

"గిదేందిరా తమ్మీ?" అంది రేఖ, ఎదురొచ్చిన కుమార్‌తో.

"మన కాయలు మొదటి నెలలనే ఒడిసినయి అక్కా," అన్నాడు కుమార్ చాలా మామూలుగా. "పబ్లిక్ తెంపుడు ఆపది గద! ఇగ మార్కెట్ల జామకాయలు కొనుక్కొచ్చి పచ్చదారంతోని కడుతున్నం. పిల్లలు యాపిల్ కావాలని ఏడిస్తే అవి గూడ కట్టినం. తొడిమకు ఆకులు జీడిమెట్లకెళ్లి తెప్పించినం. ప్లాస్టిక్‌వే గని, వాడిపోవు."

"జామచెట్టుకు యాపిల్ ఏంటని ఎవరూ అడగలేదా?" అన్నాను.

"ఒక్కరు గూడ అడగలే బావా. సప్పగ ఉన్నయని మాత్రం ఒకాయన రివ్యూ రాసిండు."

ఆలోచించండి! యాపిల్ తోట చూడాలంటే ఇన్నాళ్లూ కశ్మీర్ దాకా వెళ్లాల్సి వచ్చేది. స్వెట్టర్లు, విమానం, మంచు, జలుబు. ఎన్ని తిప్పలు! కుమార్ ఒక దారపు ఉండతో ఆ మంచు కొండలను శంకర్‌పల్లికి లాక్కొచ్చాడు. ఇలాంటివాడిని పట్టుకుని మా ఆవిడ "చిన్నాయన యాడ?" అని అడిగింది.

"'రైతుతో ముచ్చట' స్లాట్ నడుస్తుంది అక్కా. లైన్ల నిలబడు."

నిలబడ్డాం. చిన్నాయన వేదిక మీద ఉన్నాడు. సిమెంటు కంపెనీ వాళ్లు పంచిన టోపీ తప్ప జన్మలో ఇంకేదీ పెట్టని మనిషికి ఎర్ర తలపాగా చుట్టారు. జామతోటలో ఏనాడూ అవసరం పడని నాగలిని భుజానికెత్తారు. "అంకుల్, నాగలి కొంచెం పైకి!" అని ఎవరో అరిస్తే ఆయన పైకెత్తాడు. "స్మైల్!" అంటే నవ్వాడు.

మా వంతు వచ్చింది.

"చిన్నాయనా, నా కాయ?" అంది రేఖ కొంగు పట్టి.

"జర ఫొటో దిగు బిడ్డా. ఎనకాల మంది ఉన్నరు, ఏమన్న అనుకుంటరు," అన్నాడాయన గొంతు తగ్గించి. ఆ మాట అన్నాక కొంగు వైపు చూశాడు. ఇంకాసేపు చూశాడు. నాగలి దించి నా చేతిలో పెట్టాడు. "పట్టు అల్లుడూ."

నేరుగా బావి పక్క చెట్టు దగ్గరికి నడిచాడు. యాపిళ్ల మధ్య ఒక జామకాయ పట్టుకున్నాడు. దారం! ఇంకోటి పట్టుకున్నాడు. దారం! పంచె బిగించి చెట్టెక్కడం మొదలుపెట్టాడు.

"నాయనా, దిగు! నీకు ఇన్సూరెన్స్ లేదు!" అని అరిచాడు కుమార్.

జనం ఇదీ ప్రోగ్రాంలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. దారం కట్టేవాళ్ల నిచ్చెన అందని చిటారు కొమ్మన ఒక దోరకాయ మీద ఆయన చేయి ఆగింది. కిందికి దిగి, కాయను తలపాగా కొసతో తుడిచి, రేఖ కొంగులో వేశాడు. దానికి ఒక పక్క చిలుక గాటు ఉంది.

"దారం లేదు బిడ్డా. ఇది మనదే."

గేటు దగ్గర ఓదెలు ఆ కాయను తిప్పి తిప్పి చూశాడు.

"స్టిక్కర్ ఏదమ్మా? ఇది మా తోటది కాదు. బయటి పండు!"

చూశారా క్వాలిటీ కంట్రోల్! స్టిక్కర్ లేకుండా బయటికి తీసుకెళ్లకూడదు, లోపల తినకూడదు. అలాంటి చిక్కులో మీరైతే ఏం చేస్తారు? రేఖ ఒక కాలు గేటు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి కసుక్కున కొరికింది. మిగతా సగం సాగనంపడానికి వచ్చిన చిన్నాయన చేతిలో పెట్టింది.

"ఉప్పుకారం ఏదిరా ఓదెలూ?" అన్నాడు చిన్నాయన.

ఓదెలు అటూ ఇటూ చూసి జేబులోంచి పొట్లం తీశాడు. అప్పటికే అందులో కొంచెం తగ్గింది.

మర్నాడు కుమార్ ఫోన్ చేశాడు. స్పీకర్ ఆన్ చేశాను.

"బావా, నిన్న గేటు కాడ అక్క తిన్నది ఎవరో వీడియో పెట్టిండ్రు. మస్తు వైరల్ అయితుంది! వచ్చే ఆదివారం కెళ్లి అది గూడ పెడుతున్నం. 'ఆడబిడ్డకు కొంగుల కాయ.' చీర కట్టుకోనోళ్లకు కొంగు మేమే కిరాయికిస్తం. చిలుక గాటు కోసం నెయిల్ కట్టర్ గూడ కొన్న!"

ఎంత పుణ్యం చెప్పండి! నిజాంపేట నుంచి పుప్పాలగూడ దాకా చిన్నాయన లేని ఆడపిల్లలందరికీ ఇక ఒక చిన్నాయన దొరికినట్టే. ఉన్నవాళ్లం కొంచెం సర్దుకోలేమా?

రేఖ ఫోన్ దగ్గరికి వంగింది. "గవన్ని సరే గని తమ్మీ, చిన్నాయన ఖాళీగ ఎప్పుడుంటడో చెప్పు. వస్త."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"దసరా దాంక ఫుల్ అక్కా. వెయిటింగ్ లిస్టుల పెట్టాల్నా?"

రేఖ లేచి ఉప్పుకారం పొట్లం మళ్లీ కట్టింది. నేనే పెట్టమన్నాను. పొట్లంలో ఇంకా మిగిలింది. ఉప్పూ కారం ఎన్నాళ్లున్నా చెడిపోవు కదా!