సెట్టింగ్స్ ఫైలుకు స్థల పరిశీలన

"ఇకమీదట మన యార్డులో ఏ ఫైలూ ఎక్కడపడితే అక్కడ ఉండటానికి వీల్లేదు!" అని మార్కెటింగ్ మంత్రి అంకమ్మరావుగారు మైకులో గర్జించారు. తర్వాత, ఏ ఫైలని పీఏని అడిగారు.

అది గేటు ఫైలు. గుంటూరు, ప్రకాశం రెండు వైపుల నుంచీ సరుకొచ్చే ఆ మిర్చి యార్డుకు 'మిర్చి మిత్ర' అనే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. గేటు ఎప్పుడు తెరవాలో, కాటా ఎలా తూచాలో రాసి ఉన్న సెట్టింగ్స్ ఫైలు కనబడితేనే అది పనిచేస్తుంది. లేదంటే గేటు లేవదు. యార్డులో కంప్యూటర్లు చూసే షిరీన్‌కు ఆ ఫైలు పెట్టడం టీ తాగినంత పని. పైగా ఆమె మేనమామ మీరా హుస్సేన్ ఎండుమిర్చి ట్రాక్టరు గేటు బయటే ఉంది. పైన మబ్బు పట్టింది.

"సార్, కంపెనీ సెట్టింగ్స్ కంపెనీ ఫోల్డర్లో, మనం మార్చుకునేవి కంప్యూటర్లో ఈటీసీ అనే ఫోల్డర్లో పెడతారు. ప్రపంచమంతా అంతేనండి," అంది షిరీన్.

"ప్రపంచమంతా అంటే ఒంగోలు కూడానా?" అన్నారు మంత్రిగారు.

"ఒంగోలు కూడా సార్."

"మరి ఒంగోలు వాళ్ళనడిగారా?"

షిరీన్ అడగలేదు. ఇలాంటి ముందుచూపు ఉండబట్టే ఆయన మంత్రి అయ్యారు.

మధ్యాహ్నానికల్లా ఒంగోలు నాయకుడు బుడాన్‌గారు జెండాలతో దిగారు. "ఈటీసీ గుంటూరోళ్ళకేనా? మా మిర్చి కారంగా లేదా?"

"ఈటీసీ గుంటూరుది కాదండి, కంప్యూటర్లో ఉంటుంది," అంది షిరీన్.

"కంప్యూటరు ఎక్కడ కొన్నారు?"

"గుంటూర్లోనండి."

"చూశారా!"

మంత్రిగారు అప్పటికప్పుడు న్యాయం చేశారు. ఫైల్లో పై సగం గుంటూరు ఫోల్డర్లో, కింది సగం ఒంగోలు ఫోల్డర్లో. సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఫైళ్ళుగా గుర్తించలేదు. దాంతో కమిటీ వేశారు. మర్నాడు కమిటీ స్థల పరిశీలనకని కొత్తపట్నం బీచికి వెళ్ళి, చేపలు తిని, సముద్రపు గాలికి ఫైలు తుప్పు పడుతుందని తేల్చింది. ఇంత లోతుగా ఆలోచించే ప్రభుత్వం దొరకడం మన అదృష్టం.

రెండో రోజూ గేటు బయటే ఉన్న మీరా హుస్సేన్ షిరీన్‌ను పిలిచాడు. "గేటెప్పుడు తీస్తారమ్మా? మబ్బు చూస్తే గుండె ఆగిపోతంది."

"ఫైలుకి చోటు దొరకాలి మామూ."

"ఎంతుంటదది?"

"పేజీ కూడా ఉండదు."

"నా బస్తాల మధ్యన పెట్టుకోమ్మా!"

షిరీన్‌కు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెళ్ళి తనే ఫైలు పెట్టబోయింది. "కమిటీ తేల్చకముందే పెడితే కబ్జా కిందికొస్తుంది," అని పీఏ ఆమెను బయటికి పంపి గదికి తాళం వేశాడు.

చినుకు పడింది. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "చోటు తేలేదాకా నా రైతు సరుకు తడవకూడదు! హైవే మీద కొత్త కోల్డ్ స్టోరేజీ ఉంది, అందరూ అక్కడికి పదండి!" చప్పట్లు మోగాయి. ట్రాక్టర్లన్నీ అటు తిరిగాయి.

అరగంటకు మీరా హుస్సేన్ ఫోను చేశాడు. గొంతులో ఎక్కడలేని సంతోషం.

"ఒక్క బస్తా కూడా తడవలేదు షిరీన్. ఇక్కడ గేటు దానంతటదే లేచింది. స్లిప్పు మీద మిర్చి మిత్ర అనే ఉందే!"

"ఓనరెవరు మామూ?" అంది షిరీన్.

"ఓనరు మంత్రిగారి బావమరిదంట. ఎంత మంచోడమ్మా! అద్దె సంగతి తర్వాత చూద్దామన్నాడు. సీజనయ్యేదాకా సరుకు కదపొద్దంట."