ఒక అజ్ఞాత చుక్క, రెండు సంతకములు

వినుడు! మండువేసవి మధ్యాహ్నమున, పరిశోధనాలయపు మూడవ అంతస్తున, చల్లదనమునకు బదులు చప్పుడు మాత్రమే ప్రసాదించు ఏసీయంత్రము క్రింద, ఒక చక్రమూడిన కుర్చీపై, ఆరేండ్ల తపస్సుచే కండ్లు గుంటలు పడిన పరిశోధక వీరనారి యొకతె ఆసీనురాలై యుండెను. సాయంకాలము ఐదింటిలోగా ఆమె సిద్ధాంతగ్రంథముపై ఇద్దరు మహారథుల సంతకములు పడవలయును. పడనిచో ఆరేండ్ల శ్రమ బూడిదపాలు.

అడ్డుపడినది ఒక చుక్క. పాలపుంతలో ఎచ్చటనో నక్కి, మహోగ్ర గామాకిరణములను వెదజల్లుచు, తానెవరో చెప్పక, జాబితాలో "మూలము తెలియదు" అను గడిలో కాలుమీద కాలు వేసికొని కూర్చున్న చుక్క. అది గిరగిర తిరుగు మృతనక్షత్రమని, అనగా పల్సరని, ఆమె గైడైన పల్సర్ సారు శపథము పూనెను. కాదు, ప్రేలిపోయిన నక్షత్రపు శిథిలమని శాఖాధిపతియైన శిథిలాల మేడము ప్రతిశపథము పూనెను. మూడేండ్లుగా ఒకే వరండాలో ఎదురుపడి ముఖములు త్రిప్పుకొని పోవుచుండిరి. వీరిని లోకము మేధావులనును!

ప్రళయమేఘ గంభీరస్వరమున పల్సర్ సారు పలికెను: "చూడమ్మా, శిథిలం అని ఒక్క ముక్క రాశావో, నా సంతకం సంగతి మర్చిపో."

సింహాసనసమాన పీఠమునుండి మేడము గర్జించెను: "పల్సరంట, పల్సరు! మీ సారుకి కలలో కూడా అవే. చచ్చినా సంతకం పెట్టను."

వీరనారికి ఏడుపు వచ్చెను. దానివెంటనే ఒళ్లు మండెను. ఇరుపక్షముల ఆకాశపటములను తెచ్చి, ఒకే తెరపై ఒకదానిమీద నొకటి పరచెను. చుక్కలు కలియలేదు. మరల పరచెను. కలియలేదు!

అంకెలను పరికింపగా గుట్టు బయటపడెను. ఆకాశమున చిరునామా వ్రాయుటకు రెండు పద్ధతులు కలవు: ఒకటి భూమధ్యరేఖను బట్టి, రెండవది పాలపుంత నడిమిగీతను బట్టి. సారు మొదటి పద్ధతిలో వ్రాసిన అంకెలను మేడము రెండవ పద్ధతిలో చదివెను. ఆ చోటను, ఖర్మకొలది, ఎవ్వరును లెక్కింపని వేరొక అనామక చుక్క వెలుగుచుండెను. మూడేండ్లు వారు పోరాడినది వేర్వేరు చుక్కలకై!

నాలుగూ ముప్పావుకు ఇద్దరిని తెరముందు నిలబెట్టి ఆమె పలికెను: "సార్, మీ చుక్క ఇది. మేడం, మీది అది. రెండూ ఏమిటో చెప్పడానికి సాక్ష్యం లేదు. అలాగే రాశాను."

ఇరువురును తెరపైకి వంగి చూచిరి.

"అంటే ఆవిడ చుక్క ఏమిటో ఆవిడకీ తెలియదన్నమాట!" అని సారు మురిసెను.

"ఆయనకి మాత్రం తెలిసి ఏడ్చిందా?" అని మేడము అంతకన్న మురిసెను.

ఎదుటివాని అజ్ఞానము రుజువైన ఆనందమున ఇరువురును, గ్రంథము తిరుగవేయకయే, సంతకములు గీకిరి.

ఐదుకు రెండు నిమిషములుండగా ఆఫీసు ముద్ర పడెను. అప్పుడే తల్లి ఫోను చేసెను.

"ఇంతకీ అదేంటో తేలిందా, తల్లీ?"

"లేదమ్మా. పొద్దున ఒకటే తెలియదు. ఇప్పుడు రెండు తెలియవు. నేను డాక్టర్నయ్యాను."

జయము! జయము! జాబితాలో ఒక వరుస పెరిగెను.